కౌన్సెలర్‌ను పెట్టమన్నారు సరే, నోటీసు వస్తే చూసుకునేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఎమ్మే సైకాలజీ చదివాను, తొమ్మిదేళ్ల అనుభవం, నెలకు ఇరవై రెండు వేల జీతం. సాయంత్రాలు ఇంట్లో ముందు గదిలో బయటివాళ్లను కూడా చూస్తాను, గంటకు ఐదు వందలు, ఇవ్వలేని వాళ్లు ఇవ్వరు. ఈ లెక్కలు ముందే ఎందుకు చెప్తున్నానంటే కింద డబ్బు సంగతి వస్తుంది.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన విద్యార్థిని కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే కోర్టు దేశం మొత్తానికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. స్కూళ్లకే కాదు, కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ ఇది వర్తిస్తుంది. పట్టించుకోకపోవడం వల్ల పిల్లలకు హాని జరిగితే యాజమాన్యమే బాధ్యత వహించాలని కూడా చెప్పింది. మేం ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇదే కాబట్టి ఆ రోజు నిజంగా సంతోషపడ్డాను. మా కాలేజీలో నా గది అంతకుముందు క్రికెట్ కిట్లు, క్యారమ్ బోర్డులు పడేసే గది, తీర్పు తర్వాత దానికి ఫ్యాను వచ్చింది, తలుపు మీద నా హోదాతో బోర్డు వచ్చింది.

ఫ్యానుతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. విద్యార్థుల మానసిక ఆరోగ్యం విషయంలో ఏ సమస్య తలెత్తినా పూర్తి బాధ్యత కౌన్సెలర్‌దేనని రాసి సంతకం చేయమన్నారు. చేశాను. నేను కాదంటే చేసేవాళ్లు బయట చాలామందే ఉన్నారు. కోర్టు యాజమాన్యం నెత్తిన పెట్టిన బరువు అలా మెట్లు దిగి నా గదిలోకి వచ్చింది.

ఆ బరువు ఎలా ఉంటుందో నాకు తెలియాల్సి వచ్చింది. సెకండియర్ బైపీసీ అమ్మాయి ఒకరు నిద్ర పట్టడం లేదని వచ్చింది, మూడుసార్లు కూర్చున్నాం, మూడోసారి తను చెప్పిన మాటలు విన్నాక ఇది నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, సైకియాట్రిస్టు చూడాలి అనిపించి ప్రిన్సిపల్ ద్వారా తల్లిదండ్రులను పిలిపించాను. నా చదువు నాకు నేర్పింది అదే. వాళ్లు మాత్రం మా పిల్లకు పిచ్చి అని ముద్ర వేస్తారా అని గొడవ చేసి టీసీ తీసుకుని వెళ్లిపోయారు. నాలుగు నెలల తర్వాత లాయరు నోటీసు వచ్చింది. కౌన్సెలింగ్ పేరుతో అమ్మాయి మనసు పాడు చేశాననీ, దాని వల్ల చదువు ఒక ఏడాది పోయిందనీ, ఐదు లక్షలు నష్టపరిహారం కట్టాలనీ, నేను రాసుకున్న నోట్సు మొత్తం అప్పగించాలనీ. నోటీసు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే "అది మీకూ వాళ్లకూ మధ్య విషయం మేడమ్" అన్నారు. జవాబు రాయించడానికి లాయరుకు పదిహేను వేలు అయింది. ఆ తర్వాత అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎలా ఉందో తెలియదు, నేను ఫోన్ చేసి అడిగే పరిస్థితి కూడా లేదు.

అప్పుడు ఒక డాక్టరు గారు చెప్పారు, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ తీసుకో అమ్మా అని. వృత్తిలో పొరపాటు చేశావని ఎవరైనా కేసు వేస్తే లాయరు ఖర్చు, కోర్టు పరిహారం వేస్తే ఆ డబ్బు, పాలసీ పరిమితి వరకు బీమా కంపెనీ భరిస్తుంది. డాక్టర్లకు ఇది మామూలే. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తేల్చినప్పటి నుంచి ఆ పాలసీ లేకుండా క్లినిక్ తెరవడానికి చాలామంది భయపడతారు. సరే అని ఒక బీమా ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఆయన మర్యాదగానే మాట్లాడాడు. డాక్టర్లకు ఉంది మేడమ్, ఇంజనీర్లకు ఉంది, లాయర్లకు ఉంది, చార్టర్డ్ అకౌంటెంట్లకు ఉంది, మీరు ఏ కౌన్సిల్ కిందికి వస్తారు అన్నాడు. ప్రపోజల్ ఫారంలో రిజిస్ట్రేషన్ నంబర్ రాసే గడి ఉంది. నా దగ్గర ఉన్నది యూనివర్సిటీ హాల్ టికెట్ నంబర్ ఒక్కటే.

ఆయన్ను తప్పు పట్టలేను. రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుని కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకునే వాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు, వాళ్లనూ నన్నూ వేరు చేసి చూడటానికి బీమా కంపెనీ దగ్గర ఏ కొలతా లేదు. ఎంఫిల్ చేసిన క్లినికల్ సైకాలజిస్టులకు 1992 నాటి చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఉంది, వాళ్ల పేరు కేంద్ర రిజిస్టరులో ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య నిపుణులు ఎవరో నిర్వచించి సైకియాట్రిస్టులను, క్లినికల్ సైకాలజిస్టులను, నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను చేర్చింది, కాలేజీ కౌన్సెలర్ అన్న మాట అందులో లేదు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చినప్పుడు మాత్రం సైకాలజిస్టులను, కొన్ని రకాల కౌన్సెలర్లను జాబితాలోకి తీసుకున్నారు, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు పెట్టి రిజిస్టర్ చేయాలన్నారు. ఆ చట్టం కింద ఇంతవరకు నా చేతికి ఏ నంబరూ రాలేదు. నంబర్ ఉంటే గానీ పాలసీ లేదు, పాలసీ లేకపోయినా ఉద్యోగంలో బాధ్యత మాత్రం ఉంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అని సామెత. మా వృత్తిలో ఆ మొదటి మాట వాడకూడదు గానీ ఇంతకంటే సరిపోయే సామెత నాకు దొరకలేదు.

ఇంకో విడ్డూరం కూడా చెప్పాలి. అదే 2017 చట్టం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది, 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కూడా గట్టిగా చెప్పింది. అంటే నా ముందు కూర్చున్న మనిషి దాకా బీమా వచ్చింది, బల్లకు ఇటువైపుకు రాలేదు.

మాట్లాడటమే కదా మీ పని, అందులో కేసు ఏముంటుంది అని మా ఇంట్లోనే అడిగారు. ఉంటుంది. పిల్ల తన మీద లైంగిక దాడి జరిగిందని చెప్తే పోక్సో చట్టం ప్రకారం నేను పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. చెప్తే నమ్మి చెప్పిన మాట బయటపెట్టావని కుటుంబం మీద పడుతుంది. లాయరుకు క్లయింటు చెప్పిన మాటకు సాక్ష్యాల చట్టంలో రక్షణ ఉంది, నాకు లేదు, కోర్టు అడిగితే నా నోట్సు ఇవ్వాల్సిందే. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో ఐదేళ్ల వరకు శిక్ష పెట్టారు, రిజిస్టరైన డాక్టరు వైద్యం చేస్తుండగా అయితే రెండేళ్ల వరకే. ఆ రాయితీ మాకు రాదు. బీమా ఏదీ జైలును తప్పించదు, కావాలని చేసిన తప్పునూ కాయదు, అది నాకు తెలుసు. కానీ తప్పు చేయలేదని నిరూపించుకోవడానికి కూడా డబ్బు కావాలి కదా. ఇంట్లో ఫీజు తీసుకుని చూసేవాళ్ల విషయానికొస్తే వాళ్లు నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు ఎప్పుడైనా.

ఎక్కడైనా పాలసీ దొరికి తీసుకోబోతున్న తోటి కౌన్సెలర్లకు ఒక మాట, ఎందుకంటే ఇది ఏజెంట్లు వివరంగా చెప్పరు. ఇది బండి ఇన్సూరెన్స్ లాంటిది కాదు. బండికి ప్రమాదం జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు. ఇక్కడ మీ మీద క్లెయిమ్ వేసిన రోజు పాలసీ నడుస్తూ ఉండాలి, పైగా ఘటన జరిగిన తేదీ పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ డేట్ (అంటే ఏ రోజు నుంచి చేసిన పనికి రక్షణ లెక్కేస్తారో ఆ తేదీ) తర్వాతిదై ఉండాలి. మధ్యలో ఒక ఏడాది కట్టకుండా వదిలేస్తే ఆ తేదీ పోతుంది, వెనక చేసిన పనికంతా రక్షణ పోయినట్టే. మా దగ్గరికొచ్చే పిల్లలు పదహారు, పదిహేడేళ్ల వాళ్లు, సివిల్ దావాకు మైనర్ల విషయంలో పద్దెనిమిది నిండాక కూడా గడువు ఉంటుంది, కాబట్టి పిల్ల కాలేజీ వదిలి, మీరూ ఆ కాలేజీ వదిలేశాక కూడా నోటీసు రావచ్చు. ఉద్యోగం మానేసినా కొంతకాలం క్లెయిములు తీసుకునే వెసులుబాటు ఉందా అని అడగండి. ఒక్క క్లెయిముకు ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అన్నవి రెండు వేర్వేరు పరిమితులు, రెండూ చూడండి. నోటీసు రాగానే ముందు కంపెనీకి తెలియజేయండి, కంగారులో తల్లిదండ్రులకు ఫోన్ చేసి తప్పయిపోయింది అనకండి, క్లెయిమ్ అక్కడే చెడిపోతుంది.

బీమా ఉంటే వీళ్లకు భయం పోయి నిర్లక్ష్యం పెరుగుతుందని ఒక మేనేజ్‌మెంట్ మీటింగులో అన్నారు. సర్జన్ల గురించి ఎవరూ అలా అనరు మరి. అయినా తల్లిదండ్రుల వైపు నుంచి ఆలోచించండి, ఒక కౌన్సెలర్ నిజంగానే తప్పు చేసి ఒక పిల్లకు హాని జరిగితే, కోర్టు ఐదు లక్షలు కట్టమంటే, ఇరవై రెండు వేల జీతగత్తె ఎక్కడి నుంచి తెస్తుంది? గెలిచిన వాళ్ల చేతికి తీర్పు కాగితమే మిగులుతుంది. ఈ బీమా వాళ్ల కోసం కూడా.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. తీర్పు యాజమాన్యాన్ని బాధ్యుల్ని చేసింది కాబట్టి పాలసీ యాజమాన్యమే తీసుకోవాలి. ఆసుపత్రులు తమ సిబ్బంది అందరికీ కలిపి సంస్థ పేరు మీద తీసుకునే పాలసీలు ఎప్పటి నుంచో ఉన్నాయి, కాలేజీలకూ అలాంటిదే రాయొచ్చు, అందులో కౌన్సెలర్ హోదా స్పష్టంగా ఉండాలి, మానేసిన వాళ్లు కూడా ఉండాలి. ఇంటర్ బోర్డు కాలేజీలకు గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడు ఫైర్ ఎన్‌ఓసీ అడుగుతుంది, దాంతో పాటు ఈ కాగితం కూడా అడిగితే సగం పని అయిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ 2021 చట్టం కింద మా రిజిస్ట్రేషన్లు మొదలుపెట్టి నంబర్లు ఇవ్వాలి, ఆ నంబర్ ఇవ్వడానికి పరీక్ష పెడతామన్నా నాకు అభ్యంతరం లేదు, రాస్తాను. ఇక పూర్తి బాధ్యత కౌన్సెలర్‌దే అని సంతకం పెట్టించుకునే కాగితాలు చెల్లవని విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇస్తే ఈ రాష్ట్రంలో చాలామంది ఆ రాత్రి నిద్రపోతారు.

నోటీసు వచ్చిన దగ్గర నుంచి నాలో వచ్చిన మార్పు ఒకటి ఒప్పుకుంటాను. ఇప్పుడు ఎవరైనా పిల్ల ఏడుస్తూ వస్తే వినడానికి ముందు సమ్మతి పత్రం ముందు పెడుతున్నాను, ఏది దాస్తానో ఏది దాచలేనో చదివి వినిపిస్తున్నాను. అది మంచి పద్ధతే, మొదటి నుంచీ చేయాల్సిందే. కానీ నోట్సులో ఇంతకుముందు పేజీ రాసేదాన్ని, ఇప్పుడు నాలుగు లైన్లు రాస్తున్నాను, రేపు ఎవరు చదువుతారో అని. వచ్చే వారం అదే పిల్ల వచ్చినప్పుడు ఆ నాలుగు లైన్లు చూసి కిందటిసారి ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకోలేక అవస్థ పడుతున్నాను.

ఉత్తరం వేస్తే నా పేరు, కాలేజీ పేరు వేయకండి. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ కౌన్సెలర్, హనుమకొండ