కూతురి ఎదుగుదలను శిక్షించని కథలు

సంపాదక మహాశయులకు నమస్కారం.

మన తెలుగు సీరియళ్లు చాలావాటిలో ఉద్యోగంలో పైకి రావాలనుకునే ఆడపిల్ల ఉంటే, ఆమెకు పొగరన్నా ఉంటుంది, లేదా చివరికి కన్నీళ్లతో ఆ ఉద్యోగమన్నా మానేస్తుంది. ఆడపిల్లలను కూడా చదువులకు, ఉద్యోగాలకు దేశాలు దాటించి పంపుతున్న హైదరాబాద్‌లో ఇళ్లల్లో రాత్రిపూట ఇదే కథ నడుస్తుండటం నాకు బాధ కలిగిస్తోంది. ప్రేమ, కుటుంబం, ఎదగాలన్న తపన ఒకదానితో ఒకటి పెనుగులాడినప్పుడు ఎవరినీ దోషిగా నిలబెట్టని కథలను జర్మన్ దర్శకులు చెప్పారు. వాటి గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మారెన్ ఆడె 2016లో తీసిన ‘టోనీ ఎర్డ్‌మన్‌’లో ఇనెస్ రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో కన్సల్టెంటుగా పనిచేస్తుంటుంది. సంగీతం మాస్టారైన ఆమె తండ్రి, పెంచుకున్న కుక్క చనిపోయాక, చెప్పాపెట్టకుండా కూతురి దగ్గరికి వెళతాడు. ఆమెకు తనతో గడిపే తీరిక లేదని అర్థమయ్యాక విగ్గు, ఎత్తుపళ్ల సెట్టు పెట్టుకుని, మారుపేరుతో ఆమె ఆఫీసువాళ్ల మధ్యే తిరగడం మొదలుపెడతాడు. ఈస్టర్ పండుగనాడు ఒక రొమేనియన్ కుటుంబం ఇంట్లో ఆయన కీబోర్డు వాయిస్తూ కూతుర్ని పాడమంటాడు. ఇష్టం లేకుండానే ఎత్తుకున్న పాటను ఆమె పోనుపోను గొంతెత్తి పాడి, అది ముగియగానే విసవిసా బయటికి వెళ్లిపోతుంది. అక్కడ కౌగిలింతలు లేవు, క్షమాపణలు లేవు, అయినా వాళ్లిద్దరి మధ్య ఏళ్లుగా పేరుకున్నదంతా ఆ పాటలోనే వినిపిస్తుంది. చివరికి ఇనెస్ సింగపూర్‌లో మరో ఉద్యోగానికి సిద్ధమవుతుంది. అది తప్పని సినిమా ఎక్కడా అనదు, అలాగని తండ్రి ఒంటరితనాన్ని దాచిపెట్టదు కూడా. పిల్లలు దూరదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు మన నగరంలో ఏ వీధిలోనైనా కనిపిస్తారు. వాళ్లకు ఈ తండ్రిని వేరే పరిచయం చేయనక్కర్లేదు.

వోల్ఫ్‌గాంగ్ బెకర్ 2003లో తీసిన ‘గుడ్ బై, లెనిన్!’లో ప్రేమ అబద్ధం రూపంలో వస్తుంది. 1989 అక్టోబరులో గుండెపోటుతో స్పృహ కోల్పోయిన తూర్పు బెర్లిన్ తల్లి ఎనిమిది నెలల తర్వాత కళ్లు తెరిచేసరికి, నగరాన్ని తూర్పు, పశ్చిమాలుగా విడదీసిన బెర్లిన్ గోడ ఉండదు. ఆ సంగతి తెలిస్తే ఆమె ప్రాణానికే ముప్పని భయపడిన కొడుకు, కొత్త దోసకాయ పచ్చళ్లను పాత సీసాల్లోకి మార్చి మరీ, కనుమరుగవుతున్న తూర్పు జర్మనీ దేశాన్ని ఒక ఫ్లాట్‌లో నిలబెడతాడు. అయితే ఆ తల్లి కూడా పిల్లల దగ్గర ఒక నిజం దాచింది. పశ్చిమానికి వెళ్లిపోయిన భర్త రాసిన ఉత్తరాలన్నీ వంటింటి అలమార వెనకే ఉండిపోయాయి. పిల్లలు తనకు దక్కకుండా పోతారేమోనన్న భయంతోనే ఆమె భర్త వెంట వెళ్లలేదు. ఆమెది పొరపాటేనని తెలిసినా ఆ తల్లిని నేను తప్పుపట్టలేకపోయాను.

టీవీలో ఇంత లోతు కుదరదని కొందరు అనవచ్చు. కానీ 2016లో వచ్చిన జర్మన్ టీవీ సీరియల్ ‘కూడమ్ 56’లో పశ్చిమ బెర్లిన్‌లో డాన్స్ స్కూలు నడిపే తల్లికి ముగ్గురు కూతుళ్లకూ మంచి సంబంధాలు కుదర్చడమే ధ్యేయం, వాళ్లలో మోనికాకు రాక్ అండ్ రోల్ ప్రాణం. ఆ తల్లి కఠినురాలే, కానీ ఆ కాఠిన్యం వెనక యుద్ధానంతర జీవితం ఏమిటో కథ ఓపికగా చూపిస్తుంది. మన సీరియళ్ల అత్తగార్లకు ఆ పాటి గతమైనా రాయమని మన రచయితలను కోరుతున్నాను.

మీ ఆదివారం సినిమా పేజీలో ఇలాంటి విదేశీ చిత్రాల కథను, అందులోని కుటుంబాన్ని వివరించే వ్యాసాలకు కొంత చోటివ్వగలరు. నగరంలో జర్మన్ చిత్రాల ప్రదర్శనలు జరిగేటప్పుడు ఆ సమాచారాన్ని ముందుగా ప్రచురిస్తే, ఇంగ్లిష్ పత్రికలు చదవని నాలాంటి వాళ్లు కూడా వెళ్లి చూడగలుగుతారు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
తార్నాక, హైదరాబాద్