ఆదివారం పానగల్లు పోదాం, ఫ్లాష్ బంద్

మన ఫోటోల వాట్సాప్ గ్రూపుల ఉన్న అన్నలు, అక్కలు, తమ్ముళ్లు అందరికీ నమస్తే.

ఈ ఆదివారం పొద్దుగాల 7 గంటలకు నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం కాడ కలుద్దాం. గర్భగుడిలో లింగం వెనక పొద్దంతా కదలకుండ నిలిచే నీడ మీకు తెల్సిందే. అది ఏ ఒక్క స్తంభం నీడో కాదు, ముంగట స్తంభాల నడుమ నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో పడేది. ఫ్లాష్ కొట్టిన్రంటే నీడ మాయం. ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే గుణం) 800 దాకా పెంచి, షట్టర్ సెకన్ల 1/30 వంతు తెరిచి ఉండేటట్టు పెట్టి, మోచేతులు పక్కలకు ఆనించుకొని తీయండి. ఫోన్ అయితే స్క్రీన్ల కనిపించే వెనక గోడ మీద వేలు నొక్కి వెలుతురు జర తగ్గించుకోండి. లోపల తీసే ముందు పూజారి గారిని అడుగుడు మాత్రం మర్చిపోవద్దు.

ఇంకో మాట. మొన్న ఒక తమ్ముడు బత్తాయి మార్కెట్ ఫోటో పెట్టిండు. కుప్ప పక్కన హమాలీ చేతులు, గోర్ల సందున పచ్చటి మరక. అందరం బొటనవేలు ఎత్తిన లైక్ గుర్తు పెట్టి ఊకున్నం (నేను గూడ, దాచుడెందుకు). ఆ మరక ఎంత మంచిగ పడ్డదో ఒక్కరు రాయలే, ఎడమ అంచున సగం తెగిన తలకాయ ఉన్నదని గూడ ఎవరూ చెప్పలే. ఉత్త "సూపర్"తోని ఆ పిల్లగాడు ఏం నేర్చుకుంటడు?

ఫోటోలు డాక్యుమెంట్ లెక్క పంపండి, మామూలుగ పంపితే వాట్సాప్ నలిపేస్తది. ట్రైపాడ్ నేను తెస్త, చాయ్ ఎవరు పోపిస్తరో చెప్పుర్రి.