వజీరిస్తాన్ మనుషుల మీద ఆ ముద్ర వేయకండి

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో, పాకిస్తాన్‌లో అఫ్ఘానిస్తాన్ సరిహద్దున ఉన్న వజీరిస్తాన్ మీద వచ్చిన అరపేజీ వ్యాసం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. అక్కడివాళ్లు పుట్టుకతోనే చట్టమంటే లెక్కలేని మనుషులు, ఏ ప్రభుత్వం వచ్చినా వాళ్లను దారిలో పెట్టలేదు అన్నట్టు రాశారు. రాసినాయన అక్కడుండే పష్తూన్ (పఠాన్) మనిషి ఒక్కరితోనైనా కూర్చుని టీ తాగారో లేదో నాకు తెలియదు. నేను షార్జాలో పదకొండేళ్లు ఒకే క్యాంపులో వాళ్లతో కలిసి బతికాను. మా జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ పోయొచ్చిన ఎవరినైనా అడగండి, ఖాన్ భాయ్ అంటే ఎవరో చెప్తారు. మా నాన్న చనిపోయాడని ఫోన్ వచ్చిన రాత్రి టికెట్ డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టింది మా ఖాన్ భాయ్, ఒక వజీరిస్తాన్ ట్రెయిలర్ డ్రైవరే. ఎప్పుడిస్తావని కూడా అడగలేదు.

ఆయన చెప్పగా విన్నవి, తర్వాత ఆరాటం కొద్దీ చదివి తెలుసుకున్నవి కొన్ని మీ పాఠకులకు చెప్పాలి. బ్రిటిష్ వాళ్లు 1901లో ఆ సరిహద్దు ప్రాంతానికి ఎఫ్.సి.ఆర్. (ఫ్రాంటియర్ క్రైమ్స్ రెగ్యులేషన్) అని ఒక నేరాల చట్టం తెచ్చారు. దాని కింద పొలిటికల్ ఏజెంట్ అనే ఒక్క అధికారే కలెక్టరు, జడ్జి, పోలీసు, అన్నీ. అపీల్ లేదు, వకీల్ లేదు, దలీల్ (వాదన) లేదు అని అక్కడ చిన్న పిల్లలకు కూడా నోటికొచ్చిన మాట. ఒకడు తప్పు చేసి పారిపోతే వాడి తెగలో ఎవరు దొరికితే వాళ్లను లోపలేయొచ్చు, లారీలు పట్టుకోవచ్చు, ఇల్లు కూల్చొచ్చు, ఆ తెగ మొత్తానికి బజారు మూసేయొచ్చు. మా ఖాన్ భాయ్ పెదనాన్న ఒక చలికాలమంతా జైల్లో ఉన్నాడట, దూరపు చుట్టం ఎవరో ఎవరినో ఎత్తుకుపోయాడని. ఆ దూరపు చుట్టం మొహం కూడా ఈయన ఎరగడు.

1947లో దొరలు పోయారు, ఆ చట్టం పోలేదు. కార్నీలియస్ అనే పాకిస్తాన్ న్యాయమూర్తి 1954లోనే ఇది న్యాయసూత్రాలకే విరుద్ధమని తీర్పులో రాశారు. అయినా కదల్లేదు. 1973 రాజ్యాంగంలో కూడా 247వ అధికరణం పెట్టి హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు అక్కడ అధికారం లేకుండా చేశారు. 1997 ఎన్నికల దాకా ప్రభుత్వం గుర్తించిన తెగపెద్దలైన మాలిక్‌లకే ఓటు, మామూలు మనిషికి లేదు. ఆ సామూహిక శిక్ష నుంచి ఆడవాళ్లను, పదహారేళ్లలోపు పిల్లలను, 65 దాటిన ముసలివాళ్లను తప్పించింది ఎప్పుడనుకున్నారు? 2011లో! మరి చట్టాన్ని లెక్కచేయనిది ఎవరండీ, ఆ జనమా, వాళ్లను నూరేళ్లకు పైగా పాలించినవాళ్లా?

ఇది తెలుగువాళ్లకు అర్థం కాని సంగతేమీ కాదు. మనం ఇప్పటికీ మన్యాన్ని ఏజెన్సీ అనే అంటున్నాం, ఆ పేరు కూడా బ్రిటిష్ గవర్నరు ఏజెంటు నుంచి వచ్చిందే. స్టువర్టుపురం పేరు చెప్పగానే పాపం ఆ ఊరివాళ్లను ఇవాళ్టికీ అనుమానంగా చూసేవాళ్లున్నారు. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగ అన్న చట్టం 1952లో రద్దయినా ఆ మచ్చ పోలేదు. ఆ బాధ తెలిసిన భాషలో వచ్చే పత్రిక ఇంకొకరి మీద అదే ముద్ర వేయడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

2018 మే నెలలో రాజ్యాంగ 25వ సవరణతో వజీరిస్తాన్ సహా ఆ సరిహద్దులోని ఏడు ఏజెన్సీలను పక్కనున్న రాష్ట్రం ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో కలిపి జిల్లాలు చేశారు. పొలిటికల్ ఏజెంట్ ఆఫీసు మీద డిప్యూటీ కమిషనర్ అని బోర్డు మారింది. స్థానిక కాపలా దళాలైన ఖాస్సాదార్లు, లెవీలు కలిపి 28 వేల మంది దాకా పోలీసులయ్యారు. పదేళ్ల పాటు ఏడాదికి పదివేల కోట్ల రూపాయలు ఇస్తామన్నారు, జాతీయ నిధుల్లో మూడు శాతం ఇస్తామన్నారు. చెప్పినంత ఎప్పుడూ ఇవ్వలేదు. దక్షిణ వజీరిస్తాన్ పాలన ఏళ్ల తరబడి పక్క జిల్లా టాంక్ నుంచే నడిచింది, సొంత జిల్లా కాగితం కోసం జిల్లా దాటి పోవాల్సి వచ్చేది. భూములకు చాలాచోట్ల సర్వే లేదు, రికార్డు లేదు. మనకు ధరణిలో ఒక్క సర్వే నంబరు తప్పు పడితేనే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం, టెన్షన్‌తో నిద్రలేదు. అసలు రికార్డే లేనిచోట రెండు తెగలు ఒక కొండవాలు కోసం కొట్టుకుంటే అది రక్తంలో ఉన్న గుణం అని రాసేస్తారా?

2014 జూన్‌లో తాలిబన్ల మీద సైన్యం ఆపరేషన్ మొదలైనప్పుడు ఉత్తర వజీరిస్తాన్ నుంచి పది లక్షల మంది దాకా మూటాముల్లె సర్దుకుని బయటపడ్డారు, ఎక్కువమంది పక్క జిల్లా బన్నూకి. తిరిగొచ్చేసరికి అక్కడి ముఖ్యపట్టణం మీరన్‌షా బజారు నేలమట్టం. పూర్తిగా పోయిన ఇంటికి ప్రభుత్వ పరిహారం నాలుగు లక్షల పాకిస్తానీ రూపాయలు, సగం పోతే లక్షా అరవై వేలు. ఉమ్మడి కుటుంబాలుండే ఇళ్లండీ అవి, మట్టి గోడలే అయినా తరాల కష్టం.

మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేని సంగతి ఇంకోటి ఉంది. 2018 జనవరిలో కరాచీలో నకీబుల్లా మెహసూద్ అనే వజీరిస్తాన్ యువకుడిని పోలీసులు బూటకపు ఎన్‌కౌంటర్లో చంపినప్పుడు, ఈ వజీరిస్తాన్ కుర్రాళ్లే మంజూర్ పష్తీన్ అనే యువ నాయకుడి వెంట ఇస్లామాబాద్ దాకా వెళ్లి కూర్చున్నారు. చేతిలో తుపాకీ లేదు. అడిగింది ఏమిటి? మందుపాతరలు తీయండి, చెక్‌పోస్టుల్లో అవమానించకండి, మాయమైన మా మనుషులను కోర్టులో పెట్టండి, తప్పుంటే శిక్షించండి. చట్టం గిట్టనివాడు కోర్టులో పెట్టమని అడుగుతాడా? వాళ్ల సంస్థ పష్తూన్ తహఫ్ఫుజ్ మూవ్‌మెంట్‌ను 2024 అక్టోబరులో నిషేధించారు.

ఒకప్పుడు మన పత్రికల్లో విదేశీ వార్త రాస్తే ఊరి పేరు, మనిషి పేరు సరిచూసి రాసేవారు. సరిహద్దు గాంధీ గురించి మేం బడిలో చదువుకున్నాం, ఆయన కూడా పష్తూనే అని మీ వ్యాసం రాసినవారికి ఒక్కసారైనా గుర్తు రాలేదా? బన్నూ వజీరిస్తాన్‌లో ఉందని రాశారు, లేదు, అది వేరే జిల్లా. జిర్గా అంటే మీరు రాసినట్టు ఉరిశిక్షలు వేసే గుంపు కాదు, పెద్దలు గుండ్రంగా కూర్చుని రాజీ కుదిర్చే సభ. అందులో ఆడవాళ్లకు చోటు లేకపోవడం తప్పే, దాన్ని నేను వెనకేసుకురావడం లేదు. అది రాయండి, కానీ తెలుసుకుని రాయండి.

ఈ రెండు తప్పులకు సవరణ అదే పేజీలో, చదివేవాళ్లకు కనిపించేలా వేయమని కోరుతున్నాను. వేసిన రోజు దాన్ని ఫొటో తీసి ఖాన్ భాయ్‌కి పంపిస్తాను, ఆయనకు తెలుగు రాకపోయినా ఫోన్లో చదివి చెప్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
జగిత్యాల జిల్లా