కొండ రోడ్డుకి గ్యాంగ్ కూలీల్ని మళ్ళీ పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

చలికాలం వస్తే చాలు లంబసింగి మంచు ఫొటోలు అన్ని పేపర్లలో వస్తాయి, సంతోషమే. కానీ ఆ మంచు చూడ్డానికి కార్లలో ఎక్కి వచ్చే ఘాట్ రోడ్డు ఎవరి రెక్కల కష్టంతో పడిందో కూడా జనానికి తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నూరేళ్ళ కిందట గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ ఇక్కడి గిరిజనులతో రాళ్ళు కొట్టించి మట్టి మోయించి రోడ్డు పని చేయించాడు, ఇవ్వాల్సిన కూలి మాత్రం ఇవ్వలేదు. మన్యం తిరగబడడానికి అడవి చట్టాలు, పోడు మీద ఆంక్షలు ఎంత కారణమో ఈ ఎగ్గొట్టిన కూలి కూడా అంతే కారణం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు గారి దళం చింతపల్లి స్టేషన్ మీద పడిందని పిల్లలకి పాఠంలో చెప్తాం గానీ ఆ కోపంలో రోడ్డు పని కూడా ఉందని చెప్పం.

తర్వాత చాలా ఏళ్ళు లోపలి ఊళ్ళకి కాలిబాటలే. 2000 డిసెంబర్‌లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది, మైదానంలో 500 మంది, కొండ ప్రాంతంలో, గిరిజన ప్రాంతంలో 250 మంది ఉన్న ఊరికి రోడ్డు అన్నారు. కొండ మీద ఇరవై ముప్పై ఇళ్ళ ఊళ్ళే ఎక్కువ కదా, వాటికి ఆ లెక్క ఎక్కడ అందుతుంది, అందుకే ఇంకా గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్నారు. 2023లో వచ్చిన జన్‌మన్ పథకంలో కోందు, పోర్జ, గదబ లాంటి తెగల ఊళ్ళకి ఆ లెక్కని 100కి దించారు, ఇది నిజంగా మంచి పని.

నా బాధల్లా వేసిన రోడ్డు గురించి. సడక్ యోజన రోడ్డుని ఐదేళ్ళు కాంట్రాక్టరే చూడాలి, ఆ గడువు దాటాక అడిగే నాథుడు ఉండడు. మా వైపు ఒక ఊరి రోడ్డుకి కల్వర్టు పక్క కోసుకుపోతే నేనే అర్జీ పట్టుకెళ్ళాను, గడువు అయిపోయింది మేస్టారూ ఫండ్ వచ్చాక చూద్దాం అన్నారు, రెండు వర్షాకాలాలు గడిచాయి, ఆటో ఇప్పటికీ కల్వర్టుకి ఇవతలే ఆగుతుంది, రేషన్ బియ్యం నెత్తిన పెట్టుకుని నడవాల్సిందే.

కొండ రోడ్డు బళ్ళ బరువు కంటే నీళ్ళకే ఎక్కువ పాడవుతుంది. పక్క కాలవలో ఆకులూ మట్టీ నిండితే వాన నీరు రోడ్డు మీదకి ఎక్కుతుంది, అంచు కోస్తుంది, కింద కంకర కదిలాక పైన తారు అట్టులా లేచిపోతుంది. నా చిన్నప్పుడు గ్యాంగ్ కూలీలు ఉండేవాళ్ళు, పారా తట్టా పట్టుకుని వానలకి ముందే కాలవలు తీసేవాళ్ళు, చిన్న గుంత పడితే అప్పుడే పూడ్చేవాళ్ళు. రిటైరైన వాళ్ళ చోట్లో కొత్తవాళ్ళని వేయలేదు, ఆ పని అక్కడితో ఆగింది.

ఆ పని మళ్ళీ మొదలు పెట్టండి, ఏ రోడ్డు పని ఆ రోడ్డు మీద ఉన్న ఊళ్ళ వాళ్ళకే ఇవ్వండి, ఏడాది పొడుగునా, పూర్తి కూలికి, డబ్బు నేరుగా వాళ్ళ ఖాతాలోకి. ఒకప్పుడు కూలి ఎగ్గొట్టి రోడ్డు వేయించింది వీళ్ళ తాతలతోనే. ఈసారి మే నెలాఖరుకల్లా కాలవలు తీయిస్తే మా కల్వర్టు దగ్గర మిగిలిన సగమైనా నిలబడుతుంది.

— ఒక రిటైర్డ్ టీచర్, చింతపల్లి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా