పాట వినడానికి వచ్చినవాడికి గుక్కెడు నీళ్లు: పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారాలు. నేను అనంతపురంలో ఇరవై ఏళ్లుగా అధ్యాపక వృత్తిలో ఉన్నవాణ్ని. రాక్ సంగీతం గురించి ఒక మంత్రి గారికి లేఖ రాయవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. 2025 జనవరి 28న భువనేశ్వర్‌లో మాట్లాడుతూ ప్రధానమంత్రి, ముంబయి, అహ్మదాబాద్‌లలో జరిగిన కోల్డ్‌ప్లే కచేరీలను ప్రస్తావించి, ఇలాంటి పెద్ద ప్రదర్శనల చుట్టూ పెరిగే ఆర్థిక వ్యవస్థ మీద రాష్ట్రాలు దృష్టి పెట్టాలని కోరారు. అప్పటి నుంచి వేదికల గురించి, హోటల్ గదుల గురించి, పన్నుల రాబడి గురించి పత్రికల్లో చాలా చదివాను. టికెట్టు కొనుక్కొని మైదానంలో ఏడెనిమిది గంటలు నిలబడే మనిషి గురించి మాత్రం పెద్దగా చదవలేదు. ఆ మనిషి తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

విడిపోయి మళ్లీ కలిసిన బ్యాండు కచేరీకి వచ్చే జనం ఎలాంటివాళ్లో ముందుగా తమకు విన్నవించాలి, ఎందుకంటే నేను చెప్పబోయే కష్టమంతా అక్కడే మొదలవుతుంది. గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు ఆక్సెల్ రోజ్, గిటారిస్టు స్లాష్ 1990లలో విడిపోయి, 2016లో తిరిగి ఒకే వేదిక ఎక్కారు. 2025 మే 17న ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో కలిసి వాయించారు. ఒయాసిస్ బ్యాండులోని అన్నదమ్ములు 2009లో తెగతెంపులు చేసుకొని, 2025 జూలై 4న కార్డిఫ్‌లో మళ్లీ కలిశారు. లింకిన్ పార్క్ 2017లో తమ గాయకుణ్ని పోగొట్టుకొని, 2024లో కొత్త గాయనితో తిరిగి వచ్చింది. ఇలాంటి బ్యాండు కోసం వచ్చేవాళ్లలో నలభై, యాభై ఏళ్లు దాటినవాళ్లు చాలామంది ఉంటారు. జేబులో బీపీ మాత్రలు, మోకాళ్లకు పట్టీలు, పక్కన పదిహేనేళ్ల కొడుకో కూతురో ఉంటారు. కుర్రకారు కచేరీ అనుకొని చేసిన ఏర్పాట్లు ఈ జనానికి ఏ మూలకూ చాలవు.

మొన్నటి చలికాలంలో మేము నలుగురు మిత్రులం అలాంటి ఒక కచేరీకి బెంగళూరు వెళ్లాం. ఆ బ్యాండు పేరుగాని, నిర్వాహకుల పేరుగాని ఇక్కడ రాయడం లేదు. ఒక్కరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు, ఇంచుమించు ఇదే తీరు మరికొన్ని చోట్లా ఉందని అక్కడికి వచ్చినవాళ్లే చెప్పారు. మేము నలుగురం 1990లలో అనంతపురంలోనే ఇంజనీరింగ్ చదివాం. హాస్టల్లో ఒకే టేప్ రికార్డరు ఉండేది. బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్టును తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించుకొని, ఆ పాటల మాటలను చెవికి అందినంత వరకు తెలుగు లిపిలో నోటు పుస్తకంలో రాసుకొనేవాళ్లం. అర్థం సగం తెలిసేది కాదు, అయినా ఒక్క పల్లవీ మరిచిపోలేదు. అలాంటి బ్యాండు ఎన్నో ఏళ్ల తర్వాత కలిసి మనకు రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో వాయిస్తుందంటే, సెలవు పెట్టి, కారు మాట్లాడుకొని బయలుదేరడం మాకు యాత్రతో సమానమైంది.

గేట్లు మధ్యాహ్నం మూడింటికి తెరిచారు. అసలు బ్యాండు వేదిక ఎక్కింది రాత్రి ఎనిమిదింటికి. నిలబడి చూసే టికెట్లు కాబట్టి, ముందుగా వెళ్లినవాడికే ముందు చోటు. అందుకని జనం రెండింటికే వరుసలు కట్టారు. తనిఖీ చేసే దగ్గర ఒక పెద్ద నీలం రంగు డ్రమ్ము పెట్టి, వచ్చినవాళ్ల నీళ్ల సీసాలన్నీ అందులో వేయించారు. డ్రమ్ము నిండిపోయి, సీసాలు పక్కన నేల మీద కుప్పగా పడ్డాయి, సగం తాగినవి, అసలు మూత తీయనివి, పిల్లల బడికి పట్టుకెళ్లే బొమ్మల సీసాలు కూడా. మాలో ఒకతనికి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. అతడు తెచ్చుకున్న స్టీలు సీసాతో పాటు, రెండు బిస్కెట్ పొట్లాలు, గ్లూకోజు పొట్లం కూడా తీసేసుకున్నారు. డాక్టరు చీటీ చూపించాడు. తనిఖీ చేసే కుర్రవాడు దాన్ని చదివే ప్రయత్నం కూడా చేయలేదు. బయటి తిండి లోపలికి పంపకూడదని తనకు చెప్పారని మాత్రం అన్నాడు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఉన్నాడు, అతడి చేతిలోనూ నీళ్లు లేవు.

లోపల అర లీటరు నీళ్ల సీసా వంద రూపాయలు. నగదు తీసుకోరు, ఫోను ద్వారా కూడా తీసుకోరు. మన మణికట్టుకు కట్టిన పట్టీలో ముందుగా ఒక కౌంటరు దగ్గర డబ్బు వేయించుకొని, తర్వాత ఇంకో కౌంటరు దగ్గర వరుసలో నిలబడి నీళ్లు కొనుక్కోవాలి. రెండు వరుసలకూ కలిపి నాకు యాభై నిమిషాలు పట్టింది. ఒకసారి చోటు వదిలి వెళితే మళ్లీ అక్కడికి చేరడం కుదరని పని కాబట్టి, చాలామంది దాహాన్ని ఓర్చుకొని అలాగే నిలబడ్డారు.

అయ్యా, ఆ కచేరీ బాగాలేదని నేను అనడం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజులు గడిపిన గాయకుడూ గిటారిస్టూ ఆ రాత్రి ఒకే వెలుగులో నిలబడి మొదటి తీగ మీటినప్పుడు, నా ముందున్న నెరిసిన జుట్టు పెద్దమనిషి రెండు చేతులతో మొహం కప్పుకొని ఏడ్చాడు. ఆయన భార్య కాబోలు, ఆయన వీపు నిమురుతూ తాను కూడా పాడుతోంది. పక్కనే తాడిపత్రి నుంచి వచ్చిన కుర్రాళ్లు మా మాట విని, "అన్నా, మీది మన పక్కేనా?" అని పలకరించి, మా మధ్యవయసు వాళ్లను తోపులాటకు చిక్కనివ్వకుండా చుట్టూ చేతులు కట్టి నిలబడ్డారు. వాళ్లు పుట్టకముందు వచ్చిన పాటలు వాళ్లకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. బాధ ఏమిటంటే, ఇంత సంతోషాన్ని ఇచ్చే చోట మనిషి ప్రాణానికి కావలసిన చిన్న వసతులను ఎవరూ పట్టించుకోలేదు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో నా మిత్రుడు నా భుజం పట్టుకొని, "రేయ్, చేతులు వణుకుతాండాయిరా" అన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. షుగర్ పడిపోతోందని మాకు అర్థమైంది. తాడిపత్రి కుర్రాళ్లలో ఒకడు తన జేబులో మిగిలిన చాక్లెట్ ఇచ్చాడు. ఇంకొకడు ముందు నడుస్తూ దారి చేశాడు. జనాన్ని దాటుకొని వైద్య శిబిరం చేరడానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టింది, ఎందుకంటే మా వైపున్న బారికేడ్ల మధ్య బయటికి వెళ్లే సందు ఒక్కటే, లోపలికి వచ్చేవాళ్లూ అదే సందులో వస్తున్నారు. శిబిరంలో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు ఓపికగా పనిచేస్తున్నారు. అక్కడ బల్లల మీద అప్పటికే పదిమందికి పైగా ఆడపిల్లలు సొమ్మసిల్లి పడుకొని ఉన్నారు. మిత్రుడు తేరుకొని లేచి కూర్చొనే వేళకు, దూరంగా వేదిక మీద, అతడు ఇరవై ఏడేళ్లుగా ఎదురుచూసిన పాట అయిపోతోంది. హాస్టల్ నోటు పుస్తకంలో అతడి చేతిరాతలో ఉన్న పాట అది. గుడారం గుడ్డ మీద పడుతున్న ఎర్ర వెలుగును చూస్తూ చివరి నాలుగు మాటలు విన్నాడు. టికెట్టుకు అతడు పెట్టింది తన జీతంలో ఐదో వంతు.

నీళ్ల విషయంలో నేను అడుగుతున్నది కొత్తది కాదు. సినిమా హాళ్లలోకి బయటి తినుబండారాలు తేవడం గురించి 2023 జనవరి 3న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, బయటి తిండిని వద్దనే హక్కు యజమానికి ఉందని ఒప్పుకొంటూనే, పరిశుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లలకు కావలసిన ఆహారాన్ని అడ్డుకోరాదనీ స్పష్టం చేసింది. నాలుగు గోడల మధ్య, కుర్చీలో కూర్చొని, మూడు గంటలు సినిమా చూసేవాడికి ఉన్న వెసులుబాటు, ఎండలో మొదలై అర్ధరాత్రి దాకా నిలబడేవాడికి ఎందుకు ఉండకూడదు? 2023 నవంబరు 17న బ్రెజిల్‌లోని రియోలో టేలర్ స్విఫ్ట్ కచేరీలో తీవ్రమైన వేడికి ఒక యువతి చనిపోయింది. ఆ మర్నాడే అక్కడి కేంద్ర ప్రభుత్వం, ప్రేక్షకులు తమ నీళ్ల సీసాలు తెచ్చుకోవచ్చనీ, నిర్వాహకులు ఉచితంగా నీళ్లు ఇవ్వాలనీ ఆదేశించింది. ఒక ప్రాణం పోయాక వచ్చిన ఆదేశం అది. మన దగ్గర ముందే రావాలని నా కోరిక.

బయటికి పోయే దారి సంగతి ఇంకా పెద్దది. తొక్కిసలాట అని మనం వాడుకలో అంటాం గాని, ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ల కింద పడి చనిపోరు; చదరపు మీటరుకు ఐదారుగురిని మించి జనం కిక్కిరిసినప్పుడు, ఛాతీ కదలడానికి చోటు లేక, నిలబడిన చోటే ఊపిరాడక పోతారు. 2023 నవంబరు 25న కొచ్చిలోని ఒక విశ్వవిద్యాలయంలో పాటల కచేరీకి ముందు వాన మొదలైతే, బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా లోపలికి దూసుకురావడంతో నిటారుగా ఉన్న మెట్ల మీద నలుగురు చనిపోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర పదకొండు మంది పోయారు. అంతకు చాలా ముందే, 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో మెటాలికా కచేరీ, వేదిక ముందరి బారికేడ్లు నిలవక ఆగిపోయింది. ఆ రోజు ఆపినవాళ్లను తిట్టుకున్న అభిమానుల్లో నేనూ ఒకణ్ని. ఆపడమే సరైన పని అని ఇప్పుడు అంటాను. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జనసమ్మర్ద నిర్వహణ గురించి 2014లోనే ఒక మార్గదర్శిని వెలువరించింది. అందులోని విషయాలు అనుమతి పత్రంలో షరతులుగా మారితే తప్ప నిర్వాహకుడు వాటిని చదవడు.

రాత్రి పదకొండున్నరకు గేటు బయట మరో కష్టం. మైదానం నగరానికి చాలా దూరం. బస్సులు లేవు, ఫోనులో పిలిస్తే వచ్చే క్యాబులు రెండు వేలు, రెండున్నర వేలు చూపించాయి. మాకు కారు ఉంది కాబట్టి సరిపోయింది. ఒంటరిగా వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు, గుంతకల్లు వాళ్లట, రోడ్డు పక్కన చెప్పులు చేతబట్టుకొని నడుస్తూ కనిపిస్తే మిత్రుడి పక్కన కూర్చోబెట్టుకొని రైల్వే స్టేషనులో దింపాం.

అయ్యా, జనాన్ని చూసుకోవడం మన సీమకు నేర్పవలసిన విద్య కాదు. కదిరి తేరుకు లక్షల మంది వస్తే, వీధి వీధిలో పందిళ్లు వేసి మజ్జిగ, పానకం పోస్తారు. పోసేవాడు తాగేవాడి ఊరు అడగడు. శివరాత్రికి శ్రీశైలానికి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. వానలు సరిగా పడని ఈ జిల్లాలో వేసవి వస్తే కూడళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. దేశంలోనే వర్షం అతి తక్కువగా పడే ప్రాంతాల్లో ఒకటైన మా ఊళ్లో నీళ్లు అమ్ముకోవడం నామోషీగా ఉండేది. తిరునాళ్లకు చేసే ఆ కొద్దిపాటి ఆలోచన టికెట్టు కొన్నవాళ్ల కోసం కూడా చేయమని అడుగుతున్నాను.

కాబట్టి, రాష్ట్రంలో ఎక్కడ పెద్ద కచేరీకి అనుమతి ఇచ్చినా, ఉచిత తాగునీటి కుళాయిలు ఎన్ని, ఎక్కడ అన్నది ఆ అనుమతి పత్రంలోనే రాయించండి. ఖాళీ సీసా లోపలికి తీసుకెళ్లనివ్వండి. డాక్టరు చీటీ ఉన్నవాడి మందులను, తినుబండారాన్ని ఆపకూడదని తనిఖీ సిబ్బందికి వాళ్ల భాషలో రాసి ఇవ్వండి. ఎన్ని టికెట్లు అమ్మవచ్చో మైదానం వైశాల్యాన్ని బట్టి మాత్రమే కాకుండా, బయటికి పోయే దారుల వెడల్పును బట్టి లెక్కగట్టండి. వచ్చే దారి, పోయే దారి వేరుగా ఉండాలి. ఆఖరి పాట అయ్యాక గంటన్నర వరకు ఆర్టీసీ బస్సులు గేటు దగ్గరే ఉండేలా, ఆ ఖర్చును నిర్వాహకుల నుంచి ముందే జమ చేయించండి. నలభై దాటినవాళ్ల కోసం, గర్భిణుల కోసం, నిలబడలేనివాళ్ల కోసం కొన్ని వరుసల కుర్చీలు సాధారణ ధరకే ఉంచమని కూడా కోరుతున్నాను. టికెట్ల ధరల గురించి చెప్పవలసింది చాలా ఉంది, అది వేరే శాఖ పరిధి కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

ఈ షరతులను మొదట లేపాక్షి, గండికోట ఉత్సవాల్లో మీ శాఖే అమలు చేసి చూపితే, ప్రైవేటు నిర్వాహకులు కుదరదని అనడానికి వీలుండదు. ఆ రెండు చోట్లకూ నేను మా మిత్రులతో కలిసి సొంత ఖర్చుతో వచ్చి, నీళ్ల కుళాయిల దగ్గర, గేట్ల దగ్గర స్వచ్ఛందంగా నిలబడతాను. తాడిపత్రి కుర్రాళ్లు కూడా వస్తామన్నారు. మా టికెట్ల నకళ్లు, మిత్రుడి డాక్టరు చీటీ, వైద్య శిబిరంలో ఇచ్చిన కాగితం ఈ లేఖతో పాటు తమ కార్యాలయానికి తపాలాలో పంపుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక అధ్యాపకుడు,
అనంతపురం