పెద్దల సభకు ఆనాటి ఓటర్లెవరు?

సంపాదకులకు నమస్కారం.

రాజ్యసభ ఎన్నికలు వచ్చాయంటే చాలు, "డబ్బున్నవాళ్లకే సీట్లు, పూర్వం ఇలా ఉండేదా?" అనే మాట మా రచ్చబండ దగ్గర వినిపిస్తుంది. పూర్వం ఎలా ఉండేదో కాస్త చెప్పాలనిపించింది.

బ్రిటిష్ పాలనలో 1919 భారత ప్రభుత్వ చట్టంతో ఏర్పడిన నాటి పెద్దల సభ, అంటే కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో సభ్యులు 60 మంది. వారిలో దాదాపు సగం మందిని ప్రభుత్వమే నియమించేది. మిగతావారిని ఎన్నుకోవడానికి యావద్దేశంలో ఉన్న ఓటర్లు సుమారు 17 వేలు! నేడు మా మండలంలోనే అంతకు రెట్టింపు ఉంటారు. పెద్ద జమీందార్లు, భారీగా ఆదాయపన్ను కట్టేవారు, విశ్వవిద్యాలయ సెనేట్ సభ్యులు, అలాంటివారికే ఓటు. గెలిచినవారి పేరు ముందు 'ఆనరబుల్' చేరేది. కింది సభ (కేంద్ర శాసనసభ) వారికి ఆ భాగ్యం లేదు.

ఆ సభ ఎవరి పక్షమో 1923లో ఉప్పు చెప్పింది. మణుగుకు రూపాయి నాలుగణాలున్న ఉప్పు పన్నును రెండున్నర రూపాయలు చేస్తామంటే కింది సభ ఒప్పుకోలేదు. వైస్రాయ్ రీడింగ్ సిఫార్సు చేసి పంపితే పెద్దల సభ తలూపింది. గంజిలో ఉప్పు వేసుకునేవాడికి అక్కడ ఓటే లేదు మరి.

అందరూ తలూపేవాళ్లే అనుకోకండి. సహకారోద్యమ నేత వేమవరపు రామదాసు పంతులు వంటి కాంగ్రెస్‌వారూ అక్కడ కూర్చున్నారు. కానీ లెక్క ముందే తేలిపోయిన చోట ఎంత వాదించినా ఏం లాభం?

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి