సత్యవేడు గ్రావెల్ తవ్వే ముందు

గౌరవనీయులైన రాష్ట్ర గనుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. సత్యవేడు వైపు క్వారీలను మూసేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. అక్కడి రాళ్లలోని శిలాజాలను తవ్వే ముందు ఒకసారి చూడమని అడగడానికే. మా ఇంటి పునాదిలోనూ గ్రావెలే ఉంది.

కొన్నేళ్ల కిందట వాకిట్లో గుంత పూడ్చడానికి ఆ వైపు నుంచే ఒక టిప్పర్ గ్రావెల్ తోలించాను. అందులో అరచేతంత రాతిపలక కనిపించింది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అది ఉత్త మట్టిరంగు రాయి. సాయంత్రం నీరెండ పడేసరికి దాని మీద ఆకు తేలింది: నడుమ ఈనె, రెండు పక్కలా దువ్వెన పళ్లలా సన్నని రెక్కలు. శిలాజాలు చదివే ఒక శాస్త్రవేత్తకు చూపించాను. టిలోఫిల్లమ్ అన్నారు. ఆ జాతి మొక్క ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. ఆ వెంటనే ఆయన అడిగింది ఒకటే: "ఎక్కడిది? ఏ పొరలోది?" టిప్పర్‌లో వచ్చిందన్నాను. ఇంకేమీ అనకుండా రాయిని నా చేతిలో పెట్టేశారు.

వాళ్ల పనికి ఆయువుపట్టు ఆ ప్రశ్నే. ఏ పొర, దాని పైన ఏముంది, కింద ఏముంది, ఆకు ఎటు వాలి ఉంది అన్నవి రాసుకున్నాకే సుత్తి పడుతుంది. పొరలోంచి కాస్త రాయి తీసుకెళ్లి ఆమ్లంలో కరిగిస్తే పుప్పొడి రేణువులు బయటపడతాయి. కంటికి ఆనని ఆ రేణువులతోనే పొర వయసు తేలుస్తారు. సత్యవేడు పొరలు పది కోట్ల ఏళ్లకు పైబడినవి. మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడివడి, అక్కడ సముద్రం అప్పుడప్పుడే నోరు తెరుస్తున్న కాలం నాటివి.

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రెండు రాతి పొరల వయసుల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. జాతీయ భూవైజ్ఞానిక స్మారకమని అక్కడ బోర్డు పెట్టారు. కొండ మీద శిలాతోరణానికి కంచె వేశారు. చాలా సంతోషం. అయితే ఆ రాళ్లలో ఆకు లేదు, ఎముక లేదు. అవి ఏర్పడేనాటికి నేల మీద చెట్టన్నదే పుట్టలేదు. ఆకులున్న సత్యవేడు రాళ్లేమో లోడ్ల లెక్కన పోతున్నాయి.

శిలాజ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది. దాని దారి దానిది. నా విన్నపానికి చట్టమేమీ అక్కర్లేదు. ఆ పొరల్లో క్వారీకి అనుమతి ఇచ్చే ముందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగం నుంచో, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ నుంచో ఒకరు ఆ స్థలం నడిచి చూసి రెండు పేజీలు రాసివ్వాలన్న షరతు ఒకటి చేర్చండి. తవ్వకంలో ఆకుపలకలు బయటపడితే ఆ మూల వరకు రెండు రోజులు యంత్రం ఆపాలని కూడా రాయండి. కాంట్రాక్టర్లు సణుగుతారు, తెలుసు. మిగతా గుట్టంతా వాళ్లదేగా.

మీరు ఈ వైపు పర్యటనకు వస్తే ఆ రాయి తెచ్చి చూపిస్తాను. సాయంత్రం అయిదు దాటాక సమయమివ్వండి. మధ్యాహ్నం చూస్తే మీకు ఏమీ కనిపించదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
తిరుపతి